చలి రోజున క్లబ్బు రైడ్: ఉదయం బయలుదేరి వెలుగుండగానే ఇల్లు చేరేందుకు సమగ్ర మార్గదర్శి

చలి రోజున క్లబ్బు సభ్యులను వెంటబెట్టుకుని బైకుల మీద ఒక పగటి ప్రయాణానికి బయలుదేరే నిర్వాహకుడు ముందుగా ఒక విషయాన్ని ఒప్పుకోవాలి. ఆ రోజు ఎంత వేగంతో వెళ్లాలో, ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడెక్కడ ఆగాలో నిర్ణయించేది గుంపులో అందరికంటే ముందు చలికి లొంగిపోయే మనిషి. ఆ మనిషి ఎవరో బయలుదేరేటప్పుడు తెలియదు. చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. కొన్నేళ్ల కిందట మా రైడ్‌లో ఒకాయన రెండో విరామం దగ్గర పెట్రోలు ట్యాంకు మూతలో తాళంచెవి తిప్పలేక మూడుసార్లు జారవిడిచారు. అందరం నవ్వాం. ఆ తర్వాత టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకుని, అప్పటికి 20 నిమిషాలుగా తన వేళ్లు బ్రేకు లివరు మీద ఉన్నాయో లేదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియలేదని ఆయన చెప్పారు. ఆ రోజు నుంచి రైడ్‌ను కూర్చే తీరును మేం మార్చుకున్నాం. కింద వివరించేది ఆ తీరే.

మొదటి దశ: రోజును, వేళను ఎంచుకోవడం

వాతావరణ సూచనలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను చూసి సంతోషపడకూడదు. చూడవలసినవి బయలుదేరే గంటలోనూ తిరిగి వచ్చే గంటలోనూ ఉండే ఉష్ణోగ్రతలు, ముందురోజు రాత్రి కనిష్ఠం, గాలి వేగం, వాన లేదా పొగమంచు పడే అవకాశం. రాత్రి ఆకాశం మబ్బు లేకుండా ఉంటే నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది కాబట్టి, గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలని చూపిస్తున్నా రోడ్డు ఉపరితలం సున్నాకు దిగి ఉండవచ్చు. అనేక కార్లలో జారుడు హెచ్చరిక దీపం 3 లేదా 4 డిగ్రీల దగ్గరే వెలగడానికి కారణం ఇదే. రోజులో అత్యంత చల్లని సమయం అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ. అందువల్ల వేసవిలో తెల్లవారుజామున బయలుదేరే అలవాటును చలికాలంలో పక్కన పెట్టి, పొద్దెక్కిన తర్వాత, అంటే తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇంజను స్టార్ట్ చేయడం మంచిది.

ఇక గాలి సంగతి. వాతావరణ శాఖలు వాడే గాలిచలి సూత్రం ప్రకారం, గాలి 5 డిగ్రీలున్నప్పుడు గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్లే మనిషి బయటికి కనిపించే చర్మానికి తగిలే చలి దాదాపు మైనస్ 3 డిగ్రీలకు సమానం. సున్నా డిగ్రీల్లో 100 కి.మీ. వేగంతో వెళితే అది సుమారు మైనస్ 11. ఈ లెక్క దుస్తులతో కప్పని చర్మానికి వర్తిస్తుంది. గాలి చొరబడని జాకెట్ వేసుకున్నవారికి ఒంటి మీద అంత చలి ఉండదు. అయితే మెడ దగ్గర రెండు వేళ్ల వెడల్పు సందు వదిలేస్తే, అక్కడ మాత్రం ఈ లెక్క అక్షరాలా నిజమవుతుంది. వేగాన్ని 80 నుంచి 60కి తగ్గించడం వల్ల చలి కొంతే తగ్గినా, ఆగడానికి పట్టే దూరం బాగా తగ్గుతుంది కాబట్టి నెమ్మది ప్రయాణం రెండు విధాలా లాభమే.

వేళలను వెనుక నుంచి లెక్కించడం మంచిది. సూర్యాస్తమయం ఐదున్నరకు అనుకుంటే చివరి సభ్యుడు నాలుగున్నరకల్లా ఇల్లు చేరాలి. తొమ్మిదిన్నరకు బయలుదేరితే చేతిలో ఏడు గంటలుంటాయి. భోజనానికి గంటన్నర, చిన్న విరామాలకు గంట, ఊహించని వాటికి ముప్పావు గంట తీసేస్తే బండి మీద గడిపే సమయం నాలుగు గంటలకు మించదు. గుంపు సగటు వేగం గంటకు 45 కి.మీ. అనుకుంటే మొత్తం 170 నుంచి 180 కి.మీ. అవుతుంది. వేసవిలో 300 కి.మీ. తిరిగే క్లబ్బుకు ఇది చిన్నతనంగా తోచవచ్చు గానీ, చలికాలంలో ఇది నిండు ప్రయాణం.

ప్రయాణాన్ని రద్దు చేసే షరతులను ముందే రాసి అందరికీ పంపాలి. ఉదయం ఎనిమిదింటికి ఉష్ణోగ్రత ఫలానా అంకెకు దిగువన ఉంటే, లేదా రాత్రి తడిసిన రోడ్డు గడ్డకట్టిందని తెలిస్తే, రైడ్ లేదని ఆ రాతలో స్పష్టంగా ఉండాలి. అందరూ జాకెట్లు వేసుకుని గుమిగూడిన తర్వాత వద్దని చెప్పడం ఎవరికైనా కష్టమే. ఆ మొహమాటమే ప్రమాదాలకు దారితీస్తుంది.

రెండో దశ: దారిని గీయడం

చలికాలపు దారిని ఎంచుకునేటప్పుడు అందం కంటే ఎండకు ఎక్కువ మార్కులు వేయాలి. వంతెనల మీద రోడ్డుకు పైనుంచీ కిందినుంచీ గాలి తగులుతుంది, అడుగున నేల వెచ్చదనం ఉండదు. అందుకే మిగిలిన రోడ్డంతా పొడిగా ఉన్నప్పుడు కూడా అక్కడ ముందుగా మంచు పేరుకుంటుంది. దట్టమైన చెట్ల కింద, కొండ నీడలో ఉండే మలుపుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఉదయపు తేమ ఆరదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ సగటున ప్రతి 1,000 మీటర్లకు 6 డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత పడిపోతుంది కాబట్టి, దిగువన 5 డిగ్రీలున్న రోజున 800 మీటర్లు ఎక్కితే పైన సున్నా ఎదురుకావడం వింత కాదు. ఘాట్ రోడ్డు తప్పనిసరి అయితే దాన్ని మధ్యాహ్నం పన్నెండుకూ రెండుకూ మధ్య పడేలా అమర్చుకోవాలి.

విరామాల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో లెక్కించాలి. 45 నిమిషాలకు ఒకసారి ఆగాలన్నది నా లెక్క. అనుభవజ్ఞులైన గుంపైతే గంట దాకా పోవచ్చు, అంతకు మించి అక్కర్లేదు. ప్రతి విరామ స్థలంలో గోడలున్న గది, వేడి పానీయం, మరుగుదొడ్డి ఉండాలి. రోడ్డు పక్కన చెట్టు కింద ఆగడం విరామం కిందికి రాదు, ఎందుకంటే అక్కడ శరీరం వేడెక్కదు. చెమట పట్టినవారైతే ఇంకా చల్లబడతారు. పెట్రోలు కోసం ఆగే చోట్లను గుంపులో అతి చిన్న ట్యాంకున్న బండిని బట్టి నిర్ణయించి, అక్కడ అవసరమున్నా లేకపోయినా అందరూ నింపించుకునేలా నియమం పెట్టాలి.

ప్రతి గంట ప్రయాణానికీ ఒక అడ్డదారిని కూడా గుర్తించి ఉంచాలి. ఎవరైనా ఇక చాలనుకుంటే త్వరగా ఇల్లు చేరే దారి ఏదో లీడ్‌కూ (అందరికంటే ముందు నడిపే రైడరు) స్వీప్‌కూ (అందరికంటే చివర వచ్చే రైడరు) తెలిసి ఉండాలి. పెద్ద వలయంగా తిరిగే దారి కంటే, ఇంటి చుట్టూ రెండు రేకులుగా విచ్చుకున్న దారి ఇందుకు బాగా పనికొస్తుంది. భోజన సమయానికి ఇంటికి దగ్గరగా వస్తే, అలసినవారు సిగ్గుపడకుండా విడిపోగలరు.

మూడో దశ: గుంపును కూర్చడం

ఒక్కో గుంపులో ఐదు నుంచి ఏడు బండ్లు సరిపోతాయి. పన్నెండు బండ్లు ఒకే వరుసలో, మధ్యన రెండేసి సెకన్ల ఎడంతో, 80 కి.మీ. వేగంతో వెళితే ఆ వరుస దాదాపు అర కిలోమీటరు పొడవుంటుంది. దాని తోక ఏం చేస్తోందో తలకు తెలియదు. ఎక్కువమంది వస్తే రెండు గుంపులు చేసి, పది నిమిషాల తేడాతో పంపి, విరామాల దగ్గర కలిపితే చాలు.

లీడ్‌గా ఉండే మనిషికి దారి తెలిసి ఉండడం ఎంత ముఖ్యమో, అద్దంలో చూసుకునే అలవాటుండడం అంత ముఖ్యం. స్వీప్‌గా గుంపులోకెల్లా నిదానస్థుడిని, పంక్చర్ కిట్టునూ ప్రథమ చికిత్స పెట్టెనూ మోయగలిగినవాడిని పెట్టాలి. కొత్తవారిని, చిన్న ఇంజను బండ్లవారిని, చలికి తగిన సరంజామా లేనివారిని లీడ్ వెనుక రెండో స్థానంలో ఉంచాలి. ఈ చివరి మాటను చాలా క్లబ్బులు పట్టించుకోవు. గుంపు రబ్బరు తాడులాంటిది. ముందున్నవాడు 5 కి.మీ. వేగం పెంచితే, చివరివాడు ఆ ఎడాన్ని పూడ్చడానికి 20 కి.మీ. పెంచవలసి రావచ్చు. అందువల్ల ఒకే దారిలో ఒకే సమయంలో వెళ్లినా తోకన ఉన్నవాడికి ఎక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి. అక్కడ అనుభవం లేని మనిషిని ఉంచడం అన్యాయం.

నాలుగో దశ: ఒంటిని సిద్ధం చేసుకోవడం

చేతులు చల్లబడుతున్నాయంటే చేతి తొడుగులు మార్చాలని అందరూ అనుకుంటారు. అసలు కారణం తరచుగా ఛాతీలో ఉంటుంది. శరీరపు నడిమి భాగం చల్లబడడం మొదలైతే, గుండె, కాలేయం వంటి అవయవాలను కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. ఎంత ఖరీదైన గ్లవ్స్ అయినా లోపల పుట్టిన వేడిని నిలపగలవే తప్ప లేని వేడిని పుట్టించలేవు. అందువల్ల డబ్బు పరిమితంగా ఉన్నవారు మొదట మెడ, ఛాతీ, నడుము భాగాలకు ఖర్చు పెట్టి, ఆ తర్వాతే చేతుల సంగతి చూడాలి.

పొరలు మూడు. ఒంటికి అంటి ఉండే మొదటి పొర చెమటను పీల్చి బయటికి పంపాలి. మెరీనో ఉన్ని గానీ, కసరత్తు దుస్తుల్లో వాడే సింథటిక్ బట్ట గానీ సరిపోతుంది. నూలు బనియన్ వద్దు. నూలు తడిని పట్టుకుని కూర్చుంటుంది, తడి బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. రెండో పొర గాలిని పట్టి ఉంచే ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్. మూడోది గాలినీ వాననూ ఆపే రక్షణ జాకెట్. ఈ మూడూ వేసుకున్నాక చేతులు ముందుకు చాపి, హ్యాండిల్ పట్టుకున్న భంగిమలో కూర్చుని చూసుకోవాలి. మణికట్టు దగ్గర గానీ నడుము వెనుక గానీ చర్మం కనిపిస్తే, ప్రయాణమంతా గాలి ఆ సందులోంచే దూరుతుంది. మోచేతులు వంగడానికి బలం పెట్టవలసి వస్తే, లేదా మెడ తిప్పి వెనక్కి చూడలేకపోతే, పొరలు ఎక్కువైనట్టే.

మెడకు గొట్టంలాంటి ఉన్ని పట్టీ వాడాలి. కొసలు వేలాడే మఫ్లర్ వెనుక చక్రంలోనో చైనులోనో చిక్కుకునే ప్రమాదముంది. కాళ్లకు ఒక మందపాటి జత సాక్సులు చాలు. రెండు జతలు దూర్చి బూటును బిగిస్తే రక్తప్రసారం తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. గ్లవ్స్ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది, పైగా లివరు వేళ్లకు తెలియనంత మందంగా అవి ఉండకూడదు. ఒక జత అదనపు గ్లవ్స్‌ను పొడి సంచిలో పెట్టుకోవడం ప్రతి ఒక్కరికీ తప్పనిసరి చేయాలి. ఏ కారణంగానైనా సరంజామా చాలకపోతే, సన్నటి నైట్రైల్ తొడుగులను గ్లవ్స్ లోపల వేసుకోవడం, జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల వార్తాపత్రిక పెట్టుకోవడం గంటసేపు ఆదుకుంటాయి. చూడ్డానికి నవ్వులాటగా ఉన్నా గాలిని ఆపడంలో కాగితం మంచి సాధనం.

కరెంటుతో వేడెక్కే దుస్తులు వాడేవారు బండి సామర్థ్యాన్ని లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు ఆల్టర్నేటరు (బండిలో కరెంటు పుట్టించే భాగం) 400 వాట్లు ఇస్తూ, బండి తన సొంత అవసరాలకు 250 వాడుకుంటే, మిగిలేది 150. వేడి జాకెట్‌కు 90, గ్లవ్స్‌కు 30, హ్యాండిల్ గ్రిప్పులకు మరో 35 కలిపితే 155 అవుతుంది. పైగా ఆ 400 వాట్లు ఇంజను బాగా తిరుగుతున్నప్పటి మాట. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడు అంత రాదు. మిగిలిన లోటును బ్యాటరీ మోస్తుంది, మధ్యాహ్నానికి బండి స్టార్ట్ కాదు.

ఐదో దశ: బండిని సిద్ధం చేయడం

టైర్ల గాలితో మొదలుపెట్టాలి. ఉష్ణోగ్రత సుమారు 5 నుంచి 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. 25 డిగ్రీలున్న రోజున 36 పీఎస్‌ఐ నింపి వదిలేసిన టైరు, 3 డిగ్రీలున్న ఉదయాన 32 చూపిస్తుంది. అది పంక్చరు కాదు, భౌతికశాస్త్రం. రైడ్ ఉదయాన, బండి కదలకముందు, కంపెనీ చెప్పిన అంకెకు మళ్లీ నింపుకోవాలి. గాలి తగ్గిస్తే చలిలో పట్టు పెరుగుతుందని కొందరు కావాలనే తగ్గిస్తారు. సాధారణ రోడ్డు మీద అది బండి నడతను పాడుచేయడం తప్ప మరేమీ చేయదు.

ఇంజను ఆపి కొన్ని గంటలైన తర్వాత లెడ్-యాసిడ్ బ్యాటరీ వోల్టేజి 12.6 గానీ అంతకు మించి గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే తక్కువుంటే ముందురోజు రాత్రి చార్జింగ్ పెట్టాలి. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే సమయంలో చిక్కబడిన ఆయిలు వల్ల ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. నీటితో చల్లబడే ఇంజనులో కూలెంటు (ఇంజనును చల్లబరచే ద్రవం) ఉన్నదా, ఎండాకాలంలో ఎవరో నీళ్లు పోశారా అన్నది కూడా చూసుకోవాలి. కూలెంటును నీళ్లతో సగానికి సగం కలిపితే అది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, వట్టి నీళ్లు సున్నాకే గడ్డకట్టి రేడియేటరును చీలుస్తాయి. కార్బురేటరు బండ్లవారు మరో వింత గుర్తుంచుకోవాలి. సున్నాకు కాస్త పైన, తేమ ఎక్కువగా ఉన్న గాలిలో పెట్రోలు ఆవిరవుతూ చల్లబరచడం వల్ల కార్బురేటరు లోపలే మంచు కట్టి ఇంజను తడబడుతుంది. పక్కన ఆపి పది నిమిషాలు ఊరుకుంటే ఇంజను వేడికి అదే కరిగిపోతుంది.

హెల్మెట్ వైజరు (ముఖం ముందుండే అద్దం) లోపల ఆవిరి పట్టడం చలికాలపు పెద్ద బెడద. పిన్‌లాక్ వంటి లోపలి పొర రెండు అద్దాల కిటికీలా మధ్యన గాలిని బంధించి ఆవిరిని ఆపుతుంది. అది లేనివారు వైజరును వెంట్రుకవాసి తెరిచి, ముక్కు కింద శ్వాసను కిందికి మళ్లించే పట్టీ వాడాలి. పొద్దు రోజంతా కిందుగానే ఉండి ఎండ నేరుగా కళ్లలో పడుతుంది కాబట్టి నల్ల వైజరు మీద ఆశ పుడుతుంది. అయితే మబ్బు పట్టినా నీడలోకి వెళ్లినా అది గుడ్డితనమే. తెల్ల వైజరుకు లోపల నల్ల కళ్లద్దాలే మేలు.

ఆరో దశ: బయలుదేరే ముందు మాట

ఇంజన్లు ఆపి, హెల్మెట్లు తీసి, పది నిమిషాలు మాట్లాడుకోవాలి. దారి, విరామాలు, గుంపులో ఎవరి స్థానం ఏది అన్నవి లీడ్ చెబుతారు. చేతి సైగలను అందరూ కలిసి ఒకసారి చేసి చూసుకోవాలి. ఆగడానికి, ఒకే వరుసలోకి రావడానికి, రోడ్డు మీది అడ్డంకిని చూపడానికి ఎలాగూ సైగలుంటాయి. వాటికి తోడు మేం ‘నాకు చలేస్తోంది’ అన్న సైగను పెట్టుకున్నాం: ఎడమ చేత్తో ఛాతీని రెండుసార్లు తట్టడం. ఎవరు తట్టినా ముందున్నవారు ఆ సైగను లీడ్ దాకా అందిస్తారు, లీడ్ తర్వాతి సురక్షిత స్థలంలో ఆగుతారు, ఎందుకని ఎవరూ అడగరు. ఈ చివరి షరతు లేకపోతే సైగ ఉన్నా ఎవరూ వాడరు.

ప్రతి ఒక్కరి ఫోన్లో అత్యవసర నంబరు, జేబులో రక్తవర్గం, వాడే మందుల వివరం ఉండాలి. ఫోనును హ్యాండిల్ మీద కాకుండా ఛాతీ జేబులో పెట్టుకోమని చెప్పాలి; చలికి బ్యాటరీ హఠాత్తుగా ఖాళీ అయినట్టు చూపి ఫోను ఆగిపోతుంది.

ఏడో దశ: రోడ్డు మీద

తిన్నని, పొడి రోడ్డు మీద ఒకరు ఇటు, ఒకరు అటుగా మార్చి మార్చి వేసిన వరుసలో వెళ్లాలి. లీడ్ తన లేనులో మధ్య గీతకు దగ్గరగా, రెండో బండి ఒక సెకను వెనుక అంచు వైపున, మూడోది మళ్లీ లీడ్ వెనుకే రెండు సెకన్ల ఎడంతో ఉండాలి. గంటకు 80 కి.మీ. వేగంలో రెండు సెకన్లంటే 44 మీటర్లు. మలుపుల్లో, వంతెనల మీద, తడి రోడ్డు మీద, పొగమంచులో అందరూ ఒకే వరుసలోకి మారి ఎడాన్ని మూడు నాలుగు సెకన్లకు పెంచాలి. చలికి బిగుసుకున్న మనిషి బ్రేకు మీదికి వేళ్లు తెచ్చేందుకు మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటాడు. ఆ ఎడంలో కొంత టైర్ల కోసం, కొంత ఆ వేళ్ల కోసం.

టైరు రబ్బరు వేడెక్కితేనే రోడ్డును సరిగ్గా పట్టుకుంటుంది. మొదటి 10 నుంచి 15 కి.మీ. వరకు లీడ్ గట్టిగా యాక్సిలరేటర్ తిప్పకుండా, లోతుగా వాలకుండా నడపాలి. భోజనం తర్వాత కూడా ఇదే పాటించాలి, ఎందుకంటే గంటన్నరలో టైర్లు మళ్లీ చల్లబడి ఉంటాయి. రైడర్లు మాత్రం కడుపు నిండి, ఒళ్లు వెచ్చబడి, ఉదయం కంటే హుషారుగా ఉంటారు. నేను చూసిన జారుడు పాట్లలో ఎక్కువ భాగం ఈ వేళవే.

పల్చటి మంచు పొర రోడ్డు రంగులోనే ఉండి కంటికి ఆనదు. ఎదురు వాహనాల చక్రాల వెనుక తుంపరలు ఎగరడం ఆగిపోయినా రోడ్డు మాత్రం తడిగా మెరుస్తుంటే, అది నీరు కాదని అనుమానించాలి. అటువంటి చోటికి ముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, క్లచ్చు గానీ బ్రేకు గానీ యాక్సిలరేటరు గానీ హఠాత్తుగా కదపకుండా దాటాలి. బ్రేకుల్లో ఉండే ఏబీఎస్ వ్యవస్థ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే గానీ లేని పట్టును తేలేదు. రోడ్డు మీద రంగు గీతలు, ఇనప మూతలు, తడి ఆకులు కూడా చలిలో మామూలు కంటే ఎక్కువగా జారుతాయి.

దారి మలుపుల దగ్గర ఒక రైడరును నిలబెట్టి అందరూ దాటాక స్వీప్ ముందు కలుపుకునే పద్ధతి వేసవిలో చక్కగా నడుస్తుంది. చలిలో ఆ మనిషి గాలిలో కదలకుండా నిలబడి ఉండాలి. అందువల్ల చిన్న గుంపుకు ఇంకో పద్ధతి మేలు: ప్రతివారూ అద్దంలో తమ వెనుక బండిని చూసుకుంటూ, అది కనిపించకపోతే వేగం తగ్గించాలి. తోకన ఒకరు ఆగిన విషయం నిమిషంలో తలకు చేరుతుంది.

ఎనిమిదో దశ: విరామాలు

విరామంలో మొదటి పని కూర్చోవడం కాదు, వేళ్లు చూసుకోవడం. గ్లవ్స్ తీసి, బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు తాకించాలి. తేలిగ్గా తాకితే ఫరవాలేదు. వేళ్లు కొంకర్లు పోయి, తాకించడానికి ప్రయత్నం చేయవలసి వస్తే, ఆ మనిషి పూర్తిగా వెచ్చబడేదాకా గుంపు కదలకూడదు. లీడ్ దీన్ని అందరితోపాటు తానూ చేసి చూపిస్తే ఎవరికీ పరీక్షలా అనిపించదు.

లోపలికి వెళ్లాక జాకెట్ తీసేయాలి. పొరలన్నీ వేసుకునే వేడి గదిలో కూర్చుంటే చెమట పడుతుంది, ఆ తడితో మళ్లీ గాలిలోకి వెళ్లాలి. తిమ్మిరెక్కిన చేతులను ఇంజనుకో సైలెన్సరుకో ఆనించి కాచుకోవడం కొందరికి అలవాటు; స్పర్శ లేని వేలికి కాలుతోందన్న సంగతి తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. చంకల్లో పెట్టుకోవడం నిదానమైనా సురక్షితం. చలిలో దాహం వేయదు గానీ ఊపిరితోనూ మూత్రంతోనూ నీరు పోతూనే ఉంటుంది కాబట్టి, టీ, కాఫీలతోపాటు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు కూడా తాగాలి. వణుకు శరీరపు ఇంధనాన్ని బాగా ఖర్చు చేస్తుంది. ఉదయం ఏమీ తినకుండా వచ్చినవారే ముందుగా చలికి లొంగుతారు. మద్యం సంగతి చెప్పనక్కర్లేదనుకుంటాం గానీ, వెచ్చదనం కోసం ఒక గుక్క అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అది చర్మం కింది రక్తనాళాలను విప్పి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. వెచ్చబడినట్టు అనిపించడం ఆ వేడి పోతున్నందువల్లే.

చిన్న విరామం 15 నుంచి 20 నిమిషాలు, భోజనం గంటకు పైగా ఉండాలి. బయలుదేరే ముందు అందరూ ఒకేసారి సిద్ధం కావాలి. ఆరుగురు హెల్మెట్లు పెట్టుకుని బయట నిలబడి ఏడోవాడి గ్లవ్స్ కోసం ఎదురుచూస్తే, సంపాదించిన వేడిలో సగం అక్కడే పోతుంది.

తొమ్మిదో దశ: చలి దెబ్బ తగిలితే

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోవడాన్ని హైపోథర్మియా అంటారు. రోడ్డు మీద థర్మామీటరు ఉండదు, మనిషిని చూసే పోల్చుకోవాలి. ఆపుకోలేని వణుకు, మాట ముద్దగా రావడం, జిప్పు వేసుకోలేకపోవడం, ఇండికేటరు ఆపడం మరచిపోవడం, లేనులో తన స్థానాన్ని నిలుపుకోలేకపోవడం, ఏం అడిగినా చిరాకు పడడం లేదా నిర్లిప్తంగా ఊఁ కొట్టడం తొలి గుర్తులు. అప్పటిదాకా వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణకడం మానేస్తే, తేరుకున్నాడని సంబరపడకూడదు. అది పరిస్థితి విషమించిన గుర్తు, వెంటనే అంబులెన్సును పిలవాలి.

తొలి దశలో ఉన్నవారిని బండి దించి లోపలికి తీసుకెళ్లి, తడి దుస్తులు మార్చి, ఛాతీ, మెడ, తల భాగాలను పొడి దుప్పట్లతో కప్పాలి. నేల మీద పడుకోబెట్టవలసి వస్తే కిందా ఏదైనా పరచాలి. స్పృహ పూర్తిగా ఉండి మింగగలిగితే తీపి కలిపిన వేడి పానీయం ఇవ్వవచ్చు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. వేళ్ల కొసలు పాలిపోయి మైనంలా గట్టిపడితే గడ్డకట్టినట్టు అనుమానించి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ వేళ్లను రుద్దినా, నిప్పు దగ్గర పెట్టినా గాయం పెరుగుతుంది. ఆ రోజుకు ఆ మనిషి మళ్లీ బండి ఎక్కకూడదు. బండిని అక్కడే తాళం వేసి వదిలి, కారులో ఇంటికి పంపాలి. తేరుకున్నాక ‘ఇప్పుడు బాగానే ఉంది, నడుపుతాను’ అని అందరూ అంటారు. ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదని ఉదయం మాట్లాడుకునేటప్పుడే చెప్పి ఉంచాలి.

పదో దశ: తిరుగు ప్రయాణం, ఆ తర్వాత

చివరి గంటలో ఉష్ణోగ్రత పడిపోతూ ఉంటుంది, మనుషులు అలసి ఉంటారు, ఇల్లు దగ్గరపడుతున్న కొద్దీ చేతులు యాక్సిలరేటర్ తిప్పుతాయి. ఇక్కడ లీడ్ ఉదయం కంటే 10 కి.మీ. తక్కువ వేగంతో నడపాలి, అవసరం లేదనిపించినా ఒక చిన్న విరామం పెట్టాలి. ఎక్కడివారు అక్కడ విడిపోయే క్లబ్బులు, విడిపోయే చోటు ఒక్కటే ఉండేలా చూసుకుంటే లెక్క తప్పదు.

ఇంటికి చేరగానే చైనుకు నూనె పెట్టడానికి అదే మంచి సమయం. వెచ్చగా ఉన్న చైనులోకి అది బాగా దిగుతుంది. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి వస్తే, అదే సాయంత్రం బండిని చల్లటి నీళ్లతో కడగాలి, వేడి నీళ్లు ఉప్పు తినివేతను వేగిరం చేస్తాయి. తడిసిన గ్లవ్స్‌ను, బూట్లను హీటరు మీద కాకుండా గాలి ఆడే గదిలో ఆరబెట్టాలి, లేకపోతే తోలు పగులుతుంది. ఇక స్వీప్ పని అప్పటికీ పూర్తి కాదు. ప్రతి సభ్యుడూ ఇల్లు చేరినట్టు సందేశం పంపాలి, స్వీప్ ఉదయం రాసుకున్న పేర్ల పక్కన ఒక్కో గుర్తు పెట్టుకోవాలి; చీకటి పడిన అరగంటకు కూడా ఎవరి పేరు పక్కనైనా గుర్తు పడకపోతే, సందేశం కోసం ఎదురుచూడకుండా వారి ఇంటికి ఫోను చేయాలి.